బెల్టు వదిలిన ఫ్యాను

సావనీరుకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు ఫోను చేసినప్పుడు బడి జ్ఞాపకాలు అడుగుతున్నారనుకున్నాను. "అవి అందరూ రాస్తున్నారు. నువ్వు ఇంజనీరువి గదా, నాలుగు విషయాలు తెలిసేట్టు ఏదన్నా రాయి. ఇప్పుడు చదువుకునే పిల్లలకీ పుస్తకం ఇస్తున్నాం" అన్నారు. నేను పనిచేసేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, కార్ల బ్రేకుల విభాగంలో. బ్రేకుల గురించి రాస్తే నాకే నిద్రొస్తుంది. అందుకని మా గరాజులో ఉన్న పాత పికప్ ట్రక్కుకు నేను చేసుకున్న ఒక మార్పు గురించీ, దాని వెనక ఉన్న నూట పాతికేళ్ళ చరిత్ర గురించీ రాస్తున్నాను. రేడియేటరు వెనక ఇంజను బెల్టుతో తిరిగే ఫ్యానును తీసేసి, కరెంటు మోటారుతో తిరిగే ఫ్యానును పెట్టడం. చూడటానికి పని ఇంతే. ఈ చరిత్ర నాకు మొదలైంది మాత్రం దోర్నాల ఘాటులో.

1983లో మేం తొమ్మిదో తరగతి. మార్కాపురం నుంచి శ్రీశైలం విహారయాత్రకు బయల్దేరిన ఆ అద్దె బస్సులో ఉన్నవాళ్ళు కొందరు ఇది చదువుతుంటారు. బస్సు పాతదని, తోడుగా ఉంటాడని, కంభం రోడ్డు మీద మెకానిక్ షెడ్డు నడిపే మా నాన్నను కూడా ఎక్కించారు. దోర్నాల దాటి కొండెక్కుతుంటే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. అందరం దిగాం. డ్రైవరు ఇంజను ఆపబోతే నాన్న వద్దన్నాడు. న్యూట్రల్లో ఉంచి, యాక్సిలరేటరు కొంచెం తొక్కి పట్టుకోమన్నాడు. ఇంజను ఇంకా గట్టిగా అరవడం మొదలుపెట్టింది. మన సైన్సు మాస్టారు (పేరు రాయనక్కర్లేదు, మీ అందరికీ తెలుసు) నా వైపు తిరిగి, "వేడెక్కిన ఇంజనును ఇంకా తోలమంటాడేందిరా మీ నాన్న?" అన్నారు. నాకు తెలియదు. నాన్నే చెప్పాడు: "ఇంజను తిరిగితేనే ఫ్యాను తిరుగుద్ది సార్. పంపూ దాంతోనే. ఆపితే నీళ్ళు అక్కడే నిలబడి మరుగుతాయి."

పావుగంటలో ఆవిరి తగ్గింది. ఆ తర్వాత గోనెసంచి మడిచి మూత మీద వేసి, ఆగి ఆగి విప్పి, మేం కిందనించి బిందెలతో తెచ్చిన నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాడు. "ఇంజను తిరిగితేనే ఫ్యాను తిరుగుద్ది" అన్న మాటలో మోటారు వాహనాల కూలింగ్ చరిత్ర దాదాపు ఎనభై ఏళ్ళది ఇమిడి ఉందని చాలా ఏళ్ళ తర్వాత గానీ నాకు అర్థం కాలేదు.

మొదటి కారుకు ఫ్యానూ లేదు, మనం అనుకునే రేడియేటరూ లేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మూడు చక్రాల బండిలో సిలిండరు చుట్టూ నీళ్ళుండేవి. అవి మరిగి ఆవిరైపోయేవి. పోయినన్ని మళ్ళీ పోసుకోవాలి. మన ఇళ్ళల్లో పొయ్యి మీద అన్నం ఎసరు ఎలాగో అలాగే. కొద్దిపాటి శక్తి ఉన్న ఇంజనుకు అది చాలింది. ఇంజను పెద్దదయ్యేకొద్దీ నీళ్ళు మోయడమే బండి పనయ్యే ప్రమాదం వచ్చింది.

దీనికి జవాబు కనిపెట్టినవాడు జర్మనీలో డైమ్లర్ సంస్థలో పనిచేసిన విల్‌హెల్మ్ మేబాఖ్. 1900 చివర్లో తయారై, 1901లో ఫ్రాన్సులోని నీస్ పందాల్లో అందర్నీ ఓడించిన 35 హార్స్‌పవర్ మెర్సిడెస్ కారుకు ఆయన తేనెపట్టు లాంటి రేడియేటరు పెట్టాడు. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 పక్కపక్కన పేర్చి అతికించాడు. గొట్టాల్లోంచి గాలి, వాటి మధ్య సందుల్లోంచి నీళ్ళు. అంతకుముందు కారుకు 18 లీటర్ల నీళ్ళు కావాల్సి ఉంటే దీనికి 9 లీటర్లు చాలాయి. రేడియేటరు వెనక ఒక చిన్న ఫ్యాను కూడా పెట్టాడు, బండి మెల్లగా పోయేటప్పుడు గాలి చాలదని. ఆ ఫ్యానును తిప్పడానికి దగ్గర్లో ఉన్న ఏకైక శక్తి ఇంజనే. కాబట్టి దాన్ని ఇంజనుకే కట్టాడు. అప్పటికి అంతకన్న వేరే దారి లేదు. కారుకు నమ్మదగిన బ్యాటరీ, జనరేటరు రావడానికి ఇంకా చాలా ఏళ్ళుంది.

నేనుండే చోటికి దగ్గర్లోనే డిట్రాయిట్ పీకెట్ అవెన్యూలో పాత ఫోర్డు ఫ్యాక్టరీ ఒకటి మ్యూజియంగా ఉంది. 1908లో మోడల్ టి పుట్టింది అక్కడే. ఊరినించి ఎవరొచ్చినా నయాగరాకన్నా ముందు అక్కడికి తీసుకెళ్తానని మా ఆవిడ ఫిర్యాదు. మోడల్ టిలో మొదటి రెండున్నర వేల బండ్లకు నీటిపంపు ఉండేది. తర్వాత ఫోర్డు దాన్ని తీసేశాడు. వేడెక్కిన నీళ్ళు తేలికై పైకెళ్తాయి, రేడియేటరులో చల్లబడి కిందికి దిగుతాయి, పంపెందుకు అన్నాడు. స్నానాల కాగులో పైనీళ్ళు కాలిపోతూ అడుగునీళ్ళు చల్లగా ఉండటం అందరం చూసినదే. ఫ్యాను మాత్రం ఉంచాడు, ఇంజను ముందు బెల్టుతో. ఈ మోడల్ టి మీదే 1925లో ఫోర్డు మొట్టమొదటి ఫ్యాక్టరీ పికప్ అమ్మింది. ధర 281 డాలర్లు. అమెరికాలో రైతుకూ వడ్రంగికీ మేస్త్రీకీ పికప్ అంటే మనకు ఎడ్లబండి లాంటిది. ఇంటిముందు ఉంటుంది, అన్నిటికీ పనికొస్తుంది, పాతబడినా అమ్మబుద్ధి కాదు.

బెల్టు ఫ్యానులో ఉన్న తిరకాసు ఇక్కడ చెప్పాలి, మిగతా చరిత్ర అంతా దాని చుట్టే తిరుగుతుంది. ఫ్యాను ఎక్కువ కావాల్సింది బండి ఆగి ఉన్నప్పుడు, ట్రాఫిక్కులో పాకుతున్నప్పుడు, ఘాటులో మొదటి గేరులో మూలుగుతున్నప్పుడు. ఆగి ఉన్నప్పుడు ఇంజను నిమిషానికి 700 చుట్లు తిరుగుతుంది, ఫ్యానూ దాదాపు అంతే. హైవే మీద వేగంగా పోతున్నప్పుడు గాలి దానంతటదే రేడియేటరులోకి దూసుకొస్తుంది, ఫ్యాను అక్కర్లేదు. అప్పుడేమో అది పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది. కావాల్సినప్పుడు బద్ధకం, వద్దన్నప్పుడు హుషారు. ఇంట్లో ఒక్కో మనిషి ఉంటాడు ఇట్లాంటివాడు.

పైగా ఆ హుషారు ఉచితం కాదు. ఫ్యాను వేగం రెట్టింపైతే అది తోసే గాలి రెట్టింపవుతుంది, దాన్ని తిప్పడానికి కావాల్సిన శక్తి మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. 700 చుట్ల నుంచి 3,500 చుట్లకు వెళ్తే వేగం 5 రెట్లు, శక్తి 125 రెట్లు. ఈ లెక్క కోసం ఇంజనీరింగ్ కాలేజీకి పోనక్కర్లేదు, పదో తరగతి ఘాతాంకాలు చాలు. పెట్రోలు చవకగా ఉన్నన్నాళ్ళూ ఈ దండగను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఫ్యాను కన్నా ముందు తెలివి వచ్చింది నీళ్ళకు. ఇంజను వేడెక్కడం ఎంత ప్రమాదమో, చల్లగా నడవడమూ అంత నష్టమే. ఆయిల్ పలచబడదు, పెట్రోలు పూర్తిగా కాలదు, సిలిండరు గోడలు తొందరగా అరుగుతాయి. అందుకని ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య ఒక తలుపు పెట్టారు. అదే థర్మోస్టాట్ వాల్వు. 1930లలో సెర్జియస్ వెర్నే అనే ఆయన దానికి మైనం వాడే పద్ధతి తెచ్చాడు. చిన్న ఇత్తడి గిన్నెలో మైనం. నిర్ణీత వేడి దగ్గర కరిగి ఉబ్బుతుంది, ఒక పుల్లను తోస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. చల్లబడితే స్ప్రింగు మూసేస్తుంది. కరెంటు లేదు, వైర్లు లేవు. ఇవాళ్టికీ చాలా కార్లలో అదే.

ఈ వాల్వు దగ్గరే నాకూ నాన్నకూ గొడవయింది.

మన వైపు మెకానిక్కులు లారీ చేతికొచ్చిందంటే మొదట చేసే పని థర్మోస్టాట్ పీకి పారేయడం. నాన్న కూడా తీసేవాడు. 1989 ఎండాకాలం సెలవుల్లో బీటెక్ మూడో సంవత్సరం అయి ఇంటికొచ్చాను. షెడ్డులో పలకల లోడుకు వెళ్ళే లారీ ఒకటి ఉంది. ఓనరు, డ్రైవరు, ఇద్దరు క్లీనర్లు నిలబడి ఉన్నారు. నాన్న వాల్వు తీస్తున్నాడు. నేను అందరి ముందూ అన్నాను: "అది తీయకూడదు నాన్నా. ఇంజను చల్లగా నడిస్తే అరిగిపోద్ది. పుస్తకంలో ఉంది. ఊళ్ళో బండ్లన్నీ నువ్వే పాడుచేస్తున్నావు." నాన్న తలెత్తలేదు. "సరేరా, పెడతా. మంచినీళ్ళు నువ్వు తెచ్చిస్తావా?" అన్నాడు. క్లీనర్లు నవ్వారు. నేను లేచి ఇంటికి వెళ్ళిపోయాను. ఆ సెలవుల్లో మళ్ళీ షెడ్డు గడప తొక్కలేదు. నాన్న ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

"మంచినీళ్ళు" అనే మాటలో ఉన్న సంగతి ఇది. మన పళ్ళకు జరిగిన నష్టం ఫ్లోరైడు వల్ల, మన రేడియేటర్లకు జరిగిన నష్టం సున్నం వల్ల. బోరునీళ్ళు మరిగినకొద్దీ గొట్టాల లోపల తెల్లటి పొలుసు కడుతుంది. టీ గిన్నెలో మీరు చూసేదే. కూలెంట్ అనే రంగునీళ్ళు ఆ రోజుల్లో మన ఊళ్ళో ఎవరు చూశారు? రెండేళ్ళు తిరిగిన లారీ రేడియేటరులో సగం గొట్టాలు రాళ్ళయిపోయేవి. చాకలిసోడాతో కడిగి, పైతొట్టి ఊడదీసి సన్నని ఇనపచువ్వలతో తోమినా కొన్ని తెరుచుకునేవి కావు. అటువంటి రేడియేటరుకు వాల్వు అడ్డం లేకుండా చేస్తే కాస్త ఎక్కువ నీళ్ళు తిరిగి బండి ఘాటు దాటుతుంది. ఉత్తినే పీకితే సరిపోదు కూడా. కొన్ని ఇంజన్లలో వాల్వు తీస్తే నీళ్ళు రేడియేటరుకు పోకుండా పక్కదారి గొట్టంలోంచే తిరిగొచ్చేసి ఇంకా వేడెక్కుతుంది. నాన్న ఆ పక్కదారికి బిరడా కొట్టేవాడు. నా పుస్తకంలో వాల్వు ఉంది, బిరడా లేదు, మార్కాపురం నీళ్ళు అసలే లేవు.

అమెరికాలో ఈలోగా వేరే దారిలో కథ నడిచింది. 1960లలో కార్లలో ఏసీ వాడకం పెరిగింది. 1969 నాటికి అక్కడ అమ్మే కొత్త కార్లలో సగానికి పైగా ఏసీవే. ఏసీ ఉంటే రేడియేటరు ముందు ఇంకో వేడి జాలి, దాంతో పెద్ద ఫ్యాను, దాంతో పెద్ద రొద, పెట్రోలు ఖర్చు. అప్పుడు ఎక్కువగా వాడకంలోకి వచ్చింది ఫ్యాను క్లచ్. ఫ్యానుకూ దాన్ని తిప్పే ఇరుసుకూ మధ్య సిలికాన్ ఆయిల్ ఉంటుంది. రేడియేటరులోంచి వచ్చే గాలి వేడిగా ఉంటే ముందున్న స్ప్రింగు చుట్ట విప్పుకుని ఆయిలును లోపలికి వదులుతుంది, ఫ్యానుకు పట్టు దొరుకుతుంది. చల్లగా ఉంటే ఆయిలు పక్కకు పోయి ఫ్యాను జారుతూ సోమరిగా తిరుగుతుంది. ఫ్రాన్సులో 1960 నాటి ప్యూజో 404కు విద్యుదయస్కాంతంతో పట్టేసి వదిలేసే క్లచ్ ఉండేది. ఇవన్నీ ఒకే కోరికకు రకరకాల రూపాలు: ఫ్యానును ఇంజను నుంచి ఎంతో కొంత విడదీయాలి.

పూర్తిగా విడదీసింది ఇంజనును పక్కకు తిప్పినవాళ్ళు. కారు ముందు చక్రాలతో నడిచి, ఇంజను అడ్డంగా కూర్చుంటే లోపల చోటు బాగా మిగులుతుంది. కానీ ఇంజను ముందుభాగం చక్రం వైపు చూస్తుంది, రేడియేటరేమో కారు ముందు ఉంటుంది. బెల్టు ఎలా వేస్తారు? 1959 బ్రిటిష్ మినీలో రేడియేటరునే చక్రం పక్కకు జరిపేసి పాత ఫ్యానునే ఉంచారు. 1969లో ఇటలీలో డాంటే జాకోసా రూపకల్పన చేసిన ఫియట్ 128 రేడియేటరును ముందే ఉంచి, ఫ్యానుకు కరెంటు మోటారు, వేడిని బట్టి వెలిగే స్విచ్చు పెట్టింది. ఆ తర్వాత ప్రపంచంలో చిన్నకార్లన్నీ దాదాపు ఈ దారే పట్టాయి. 1973లో అరబ్ దేశాల చమురు నిషేధం, 1975లో కార్ల మైలేజీ మీద అమెరికా చట్టం వచ్చాక పెద్దకార్ల దేశానికి కూడా చిన్నకారు బుద్ధి అవసరమైంది.

మన దేశంలో చాలామందికి కరెంటు ఫ్యాను మొదట పరిచయమైంది 1983లో వచ్చిన మారుతి 800తో. అంబాసిడరు బానెట్ ఎత్తితే బెల్టు, ఫ్యాను అన్నీ ఒకే వరసలో కనపడేవి. మారుతి బానెట్ ఎత్తిన మెకానిక్కులు ఫ్యాను తిరగకపోతే చెడిపోయిందనుకునేవారు. మా నాన్న మొదటిసారి అలాగే ఒక డాక్టరుగారి కారు ఫ్యాను మోటారు విప్పేసి, బాగానే ఉందని మళ్ళీ బిగించి, డబ్బులు తీసుకోలేదు. ఈ సంగతి నాన్నే నవ్వుతూ చెప్పేవాడు.

అడ్డం ఇంజన్లు చాలా పికప్‌లకు రాలేదు. బరువు లాగే బండికి ఇంజను నిలువుగా, వెనక చక్రాలకు షాఫ్టుతో. అందుకని వాటిలో బెల్టు ఫ్యాను ఇంకో రెండు మూడు దశాబ్దాలు బతికింది. షెవర్లే సిల్వరాడో 1500 లాంటి పికప్‌కు ఫ్యాక్టరీలోనే కరెంటు ఫ్యాన్లు వచ్చింది 2005 మోడల్‌తో. ఆలోపు పాత పికప్‌లున్నవాళ్ళు ఊరుకోలేదు. పాత ఇనపసామాను కొట్లలో పడి ఉన్న కార్ల నుంచి ఫ్యాన్లు పీకి తమ బండ్లకు బిగించుకోవడం మొదలుపెట్టారు. అందులో అందరి కన్నూ ఫోర్డ్ టారస్ కారు మీద. 1986 మోడల్‌గా వచ్చిన కారు అది, అడ్డం ఇంజను. దాని 3.8 లీటర్ల ఇంజనుకు పెట్టిన ఫ్యాను పెద్దది, రెండు వేగాలది, చుట్టూ తొట్టి లాంటి ప్లాస్టిక్ కవచంతో సహా ఊడొస్తుంది. ఆ కవచం లేకపోతే ఫ్యాను తన ముందున్న గుండ్రటి మేర నుంచే గాలి లాగుతుంది, రేడియేటరు మూలలు వేడిగానే ఉంటాయి.

నా బండి 1986 ఫోర్డ్ ఎఫ్-150, 5 లీటర్ల వి8. 2009లో కొన్నాను. తెలుగువాళ్ళ సంక్రాంతి, ఉగాది కార్యక్రమాలకు కుర్చీలూ గుండిగలూ మోయడం దాని ముఖ్యవృత్తి. జూలైలో పార్కింగులో ఏసీ వేసుకుని నిలబడితే వేడి ముల్లు పైకెక్కేది. ఇరవై ఏళ్ళ పైబడ్డ ఫ్యాను క్లచ్ వయసుతో పట్టు వదిలేసింది. నిజం చెప్పాలంటే కొత్త క్లచ్ ఒకటి కొనుంటే గంటలో పని అయిపోయేది, ఖర్చూ తక్కువే. ఎవరైనా సలహా అడిగితే ఇప్పటికీ అదే చెబుతాను. కానీ 2010లో అమ్మా నాన్నా ఆరునెలలకు వచ్చి ఉన్నారు, నాన్నకు పొద్దుపోవడం లేదు. టీవీ ముందు కూర్చుని గోళ్ళు గిల్లుకునే నాన్నను నేను ఎప్పుడూ చూడలేదు. సెప్టెంబరులో టారస్ ఫ్యాను తెచ్చాను.

నాన్న కుడిచేతి రెండు వేళ్ళకు చివరలు లేవు. నాకు ఊహ రాకముందు జీపు ఫ్యాను తీసుకుపోయింది. గరాజులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకు కూర్చున్నాడు గానీ పాత ఫ్యాను ఆగి ఉన్నా చెయ్యి దాని దగ్గరికి పోనివ్వలేదు. నేను కొత్తదాన్ని చూపించి, "దీనికి బెల్టు లేదు నాన్నా, ఇంజనుతో సంబంధం లేదు" అన్నాను. "అంటే ఇంజను ఆగినా తిరగొచ్చు గదా. అయితే ఇదే ఎక్కువ ప్రమాదం" అన్నాడు. నిజమే. వేడిగా ఉంటే అది చెప్పకుండా లేస్తుంది. మర్నాడు మార్కరుతో రేడియేటరు పైన తెలుగులో "చెయ్యి పెట్టకు" అని రాశాడు. అదింకా ఉంది.

నేను చేసిన తప్పులు రెండు. ఫ్యాను పెద్దవేగంలో నా మీటరు 30 ఆంపియర్లు దాటింది, లేచే క్షణంలో అంతకు కొన్ని రెట్లు లాగుతుంది. నేను పెట్టిన రిలే 30 ఆంపియర్లది, వైరు ఉన్నదాంట్లో సన్నది. ఇంజనీరు లెక్క గాలికి పోయింది. పొగ కనపడకముందే నాన్న ముక్కు పైకెత్తి "వైరు కాలుతోంది" అన్నాడు. బ్యాటరీ తీగ పీకింది కూడా ఆయనే, ఆ చేత్తోనే. తర్వాత మందమైన వైరు, 70 ఆంపియర్ల రిలే, విడిగా ఫ్యూజు వేశాను. 60 ఆంపియర్ల పాత ఆల్టర్నేటరు తీసి 130ది పెట్టాను. ఫ్యానుకు పోయే డబ్బు కన్నా దాని వెనక వైర్లకు పోయేది ఎక్కువ. ఈ పని చేయాలనుకునేవాళ్ళకు ముందే చెబుతున్నాను.

రెండోది ఇంకా సిగ్గుచేటు. జాగ్రత్త అనుకుని 85 డిగ్రీలకే ఫ్యాను లేచేట్టు, 80కి పడిపోతే ఆగేట్టు పెట్టాను. ఇంజను వేడెక్కింది, ఫ్యాను లేచింది, ఇక ఆగదు. పావుగంట, అరగంట. నాన్న టీ తాగి గ్లాసు కింద పెట్టి అడిగాడు: "ఇది ఎప్పుడు ఆగుద్దిరా? లోపల వాల్వు ఎంతకు తెరుచుకుంటది?"

వాల్వు తెరుచుకునేది 90 దాటాక. ఇంజనులో నీళ్ళను అంతకన్న తక్కువకు దిగనివ్వకపోవడమే దాని పని. ఫ్యానేమో 80కి దిగేదాకా ఆగనంటోంది. ఒకరు దించం అంటే ఒకరు దించేదాకా వదలం అంటున్నారు. కింది గీత వాల్వు గీస్తుంది, పైగీత ఫ్యాను గీయాలి. నేను పైగీతను కింది గీతకన్నా కింద గీశాను. మార్కాపురంలో వందల వాల్వులు పీకిన మనిషి మిషిగన్‌లో నా తప్పును వాల్వు దగ్గర పట్టుకున్నాడు.

"నీకు వాల్వు సంగతి తెలుసు గదా నాన్నా, మరి..." అని ఆగిపోయాను. నాన్న ఏమీ అనలేదు. సాయంత్రం బండి వాల్వు విప్పించి, అమ్మ పాలగిన్నె తీసుకుని, దారంతో వాల్వును నీళ్ళలో వేలాడగట్టి స్టవ్ మీద పెట్టాడు. పక్కన థర్మామీటరు. ఇద్దరం వంటింట్లో నిలబడి చూశాం. 90 దాటాక వెంట్రుకవాసి సందు, తర్వాత నెమ్మదిగా పూర్తిగా నోరు తెరిచింది. "బాగా చేశాడు వీడెవడో" అన్నాడు నాన్న. అమ్మ తన పాలగిన్నె గురించి మాట్లాడింది. ఫ్యాను లేచేది 98కి, ఆగేది 93కి మార్చాను. అప్పట్నించీ సరిగ్గా నడుస్తోంది.

లాభమెంత అని అడుగుతారు. కొందరు ఇరవై హార్స్‌పవర్ మిగులుతుందని గొప్పలు చెప్పుకుంటారు. నేను నమ్మను. కరెంటు కూడా ఇంజను నుంచే వస్తుంది, ఆల్టర్నేటరులో దారిలోనే కొంత పోతుంది. మిగిలేదంతా ఫ్యాను తిరగకుండా ఉన్న సమయంలోనే. నేను ఏడాదిపాటు పెట్రోలు లెక్క రాశాను. గాలనుకు 13.1 మైళ్ళు 13.8 అయింది. చలికాలం పొద్దున కారులో వెచ్చదనం త్వరగా వస్తుంది, హైవే మీద రొద తగ్గింది. ఇదే పని పెద్ద లారీకి చేయాలంటే కుదరదు. దాని ఫ్యానుకు పదుల హార్స్‌పవర్ కావాలి, అంత మోటారు, అంత కరెంటు మోసుకు తిరగడం అయ్యే పని కాదు. అందుకే డీజిల్ లారీల్లో ఇప్పటికీ ఇంజనే ఫ్యానును తిప్పుతుంది, మధ్యలో క్లచ్ ఉంటుంది. ఇంజనే లేని ఎలక్ట్రిక్ కార్లలో మాత్రం బ్యాటరీని, ఏసీని చల్లబరచడానికి రేడియేటరూ ఫ్యానూ అలాగే ఉన్నాయి.

నాన్న 2017లో పోయారు. షెడ్డు ఖాళీ చేస్తుంటే అటక మీద పెద్ద డాల్డా డబ్బా దొరికింది. నిండా థర్మోస్టాట్ వాల్వులు, 61. ఒక్కోదానికి ఇనపతీగతో రేకుముక్క కట్టి ఉంది, దాని మీద మేకుతో చెక్కిన లారీ నంబరు. నాన్న దగ్గర పాతికేళ్ళు పనిచేసిన మనిషిని అడిగాను, ఇవి ఎందుకు దాచాడని. "రేడియేటరు కొత్తది వేయించుకున్నోళ్ళకు తిరిగి పెట్టేవోడు గదయ్యా. డబ్బులు కూడా తీసుకునేవోడు కాదు. ఇవి తిరిగిరాని బండ్లవి" అన్నాడు.

స్వర్ణోత్సవానికి వస్తున్నాను. ఆ డబ్బా మన బడి సైన్సు గదికి ఇస్తాను, ఒక స్టవ్, గిన్నె, థర్మామీటరుతో సహా. అన్నీ పరీక్షించాను, 38 ఇంకా తెరుచుకుంటున్నాయి. పిల్లలు వాడుకోవచ్చు. కట్టిన రేకుముక్కలు మాత్రం తీయొద్దని మాస్టార్లను కోరుతున్నాను. ఆ లారీల ఓనర్ల, డ్రైవర్ల పిల్లలు మన పూర్వవిద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. మీ ఇంటి బండి నంబరు కనపడితే ఆ వాల్వు మీదే, తీసుకెళ్ళండి.